జతగా వేయించుకోవాల్సిన సూది

కరోనా రెండోసారి వచ్చిన ఆ ఎండాకాలం నేను ఆదోనిలో ఒక నెట్ సెంటర్‌లో పని చేస్తున్నాను. మధ్యాహ్నం పన్నెండుకల్లా అంగళ్ళన్నీ మూసేయాలి కాబట్టి పొద్దున్నే తెరిచేవాళ్ళం. పరీక్ష ఫీజులు, ఉద్యోగాల దరఖాస్తులు ఆగిపోయాయి. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో పెద్దవాళ్ళకు టీకా కోసం పేరు ఎక్కించుకోవడానికే వచ్చేవారు. ఆధార్ కార్డు చూసి పేరు కొట్టడం, ఫోన్‌కు వచ్చిన అంకెలు అడిగి ఎక్కించడం, కాగితం తీసి ఇవ్వడం నా పని. ఎదుటి మనిషి ముఖంలోకి చూడకుండా చేయగలిగిన పని. అందుకే నాకు నచ్చింది. మాస్కులు వచ్చాక ఇంకా నచ్చింది. నేను మాట్లాడకపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

మాట్లాడను గానీ వింటాను. చిన్నప్పటి నుంచీ అంతే. విన్నది ఇంటికి పోయి డైరీలో రాసుకుంటాను. ఆ రోజుల్లో రాసుకోవడానికి చాలా దొరికేది.

మార్కెట్ యార్డులో మూటలు మోసే పెద్దాయన ఒకరు వచ్చి, పేరు చెప్పకముందే అడిగాడు.

"పాపా, ఇది ఏ సేతికి ఏస్తారు?"

"ఎడమ చేతికి తాతా."

"అట్లయితే రాయి. కుడి బుజం నాది కాదు, మార్కెట్‌ది."

ఇంకో రోజు బురఖా వేసుకున్న పెద్దావిడను వెంటబెట్టుకుని ఆమె భర్త వచ్చాడు. ముందు ఆమెకు వేయించి, ఆమె బాగుంటే తర్వాత తాను వేయించుకుంటానన్నాడు. ఆమె బురఖా ముసుగు పైకి తీసి, "నన్ను ముందు తోలి సూస్తాడంట. నేనేమన్నా మేకనా?" అని నాతోనే అంది. నేను నవ్వి, తల దించుకుని, ఇద్దరి పేర్లూ ఒకే పూటకు వేశాను. మరొకామెను కొడుకు బండి మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఆమె దిగనే దిగలేదు. బండి మీద నుంచే గట్టిగా, "ఏసుకోకపోతే పిల్లోల్లను నా తావకు రానీదంట కోడలు. రాసుకోమ్మా, ఏం జేస్తాం" అంది.

తమంతట తాము వచ్చినవాళ్ళు తక్కువ. ప్రతి ఒక్కరి వెనుకా ఎవరో ఒకరు ఉండేవారు. కొడుకో, కోడలో, పక్కింటి మనిషో, పింఛను ఇచ్చే వలంటీరో. టీకా గురించి ఎవరూ పెద్దగా అడిగేవారు కాదు. జ్వరం వస్తే కూలి పోతుందా, ఎవరు వండిపెడతారు, పక్కింటాయనకు ఏమైంది, ఇవే అడిగేవారు.

ఊరందరి అవ్వల పేర్లూ కొడుతున్నాను గానీ మా అవ్వ పేరు కొట్టలేకపోయాను.

అవ్వ మా అమ్మకు అమ్మ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న బళ్ళారిలో ఒక మిల్లులో కుదురుకుని, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నేనూ అవ్వా ఆదోనిలో రేకుల ఇంట్లో ఒక గదిలో ఉండేవాళ్ళం. వయసున్నంత కాలం అవ్వ పత్తి మిల్లులో పని చేసింది. దూది దుమ్ము అంతా ఆమె ఛాతీలోనే ఉన్నట్టు పొద్దున లేవగానే దగ్గేది. దగ్గి, గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి అందాక పొయ్యి దగ్గరికి పోయేది. ఆ ఎండాకాలం మా సందులో ఇద్దరు పోయారు. ఒకాయనను తీసుకుపోయేటప్పుడు మేము కిటికీ సందులోంచి చూశాం. ఇంట్లోవాళ్ళు కూడా దగ్గరికి పోలేదు. ఆ రోజు నుంచి అవ్వ దగ్గితే నేను చేస్తున్న పని ఆపి, ఆమెకు ఊపిరి అందేదాకా చూస్తూ ఉండేదాన్ని. ఆమె పోతే ఆ గదిలో నేనూ పుస్తకాలూ మిగులుతాం. పుస్తకాలు నాకు ఇష్టమే. లైబ్రరీ మూతపడ్డాక పాత కాగితాల అంగట్లో కొనుక్కున్నవే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. కానీ 'తిన్న్యావా' అని పుస్తకం అడగదు.

నాకు చేతనైన విధంగా చెప్పి చూశాను. పేపర్‌లో వచ్చినవి చదివి వినిపించేదాన్ని. అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వినేది. ఒక రోజు రవిక చెయ్యి పైకి జరిపి, భుజం కింద నాణెమంత పాత మచ్చ చూపించింది.

"ఇదిగో, నాకు సిన్నప్పుడే పొడిచినారు. అచ్చంటారు దీన్ని. ఒకసారి ఏస్తే సచ్చేదాకా సాలు."

"అది అమ్మవారు రాకుండా వేసింది అవ్వా. ఇది వేరే రోగం."

"ఏ రోగమైతే ఏం, సెయ్యి అదే గదా."

నేను పేపర్ మడిచి పెట్టాను.

మా సందుకు వచ్చే ఆశా వర్కర్ కూడా అలసిపోయింది. గడప బయట నిలబడి, "అవ్వా, ఈ సందులో నువ్వొక్కదానివే మిగిల్నావు" అంది.

"ఒకరన్నా మిగలాల గదమ్మా, నువ్వు మల్లా మా సందుకు రావాలంటే" అంది అవ్వ.

"నీతో మాట్లాడి గెలిచేదెవరు! పాపా, నువ్వన్నా సెప్పరాదా?"

నేను పాపనే. చెప్పడం మాత్రం రాదు. ఆమె వెళ్ళిపోయాక అవ్వ నా వైపు చూసి, "భయమనుకుంటాండావా నాకు?" అంది. నేను అవునన్నాను. "భయం కాదులే" అని మళ్ళీ బియ్యంలోకి వంగింది. ఏమిటో మాత్రం చెప్పలేదు.

అది నాకు తెలిసింది ఒక ఫోన్ మాటలో.

అవ్వకు ఒక జతగత్తె ఉండేది. నేను ఆమెను జతవ్వ అని పిలిచేదాన్ని. మిల్లులో ఆడవాళ్ళ పని జతల మీద నడిచేది. కుప్ప దగ్గర పత్తిని గోనెపట్టాలో వేసి, ఇద్దరు చెరో రెండు మూలలు పట్టుకుని యంత్రాల దాకా మోయాలి. ఒక్కరి వల్ల కాదు. అందుకని పొద్దున గేటు దగ్గర మేస్త్రీ మనుషులను కాక జతలను లోపలికి పిలిచేవాడు. జతగత్తె రాకపోతే రెండో మనిషి కూడా వెనక్కి పోవాల్సిందే. ఇంకొకరితో కలిసి మోద్దామంటే నడక కుదరదు, ఎత్తు కుదరదు. పట్టా ఒక పక్కకు వాలి పత్తి దారంతా పడుతుంది. అవ్వ, జతవ్వ ఒకే ఎత్తు.

కాబట్టి జబ్బు పడటం అక్కడ ఎవరి సొంత విషయమూ కాదు. పెళ్ళికి పోవాలన్నా, పండక్కి ఆగాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా ఒకరినొకరు అడిగి, ఇద్దరూ కలిసే మానేవారు. ఇక పిల్లలు చాలని ఆపరేషన్ చేయించుకోవడానికి కూడా ఒకే రోజు ఒకే శిబిరానికి వెళ్ళారట. "రెండు మంచాలు పక్కపక్కనే ఏయించుకున్న్యాం" అని అవ్వ పెళ్ళి ముచ్చట చెప్పినట్టు చెప్పేది.

ఇద్దరూ పని మానేశాక జతవ్వ ఎమ్మిగనూరులో ఉన్న కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. వారానికోసారి నా ఫోన్‌లో మాట్లాడుకునేవారు. అవ్వకు చెవికి ఆనించుకోవడం ఇష్టం లేదు. స్పీకర్ పెట్టి, ఫోన్‌ను నేల మీద ఉంచి, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే దాని ముందు కూర్చునేది.

ఆ రోజు నేను పుస్తకం చదువుతున్నాను. ఫోన్‌లోంచి జతవ్వ గొంతు.

"మే, మీ ఆదోనిలో ఏస్తాండారంటనే సూది?"

"ఏస్తాండారు. మీ తావో?"

"ఈడా ఏస్తాండారు. నువ్వు ఏసుకున్న్యావా?"

"నువ్వు ఏసుకోందే నేనెట్ల ఏసుకుంటా? నువ్వు ఏసుకున్న్యావా?"

 ఫోన్‌లో వాళ్ళ అల్లుడి మగ్గం చప్పుడు మాత్రం వినిపించింది.

"యాడ ఏసుకున్న్యా" అంది జతవ్వ. "సూద్దాంలే."

"ఆ. సూద్దాం."

నేను పుస్తకం మూశాను. అవ్వ వద్దనడానికి సూదితోనూ, పేపర్‌తోనూ, భుజం మీది మచ్చతోనూ సంబంధం లేదు. ఇద్దరూ ఇంకా ఆ మిల్లు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఒకరి కోసం ఒకరు ఆగారు.

నాకు ఎవరికైనా ఫోన్ చేయాలంటే ముందు మాటలు కాగితం మీద రాసుకునే అలవాటు. మరునాడు అంగడి మూశాక మెట్ల మీద కూర్చుని, రాసుకోకుండానే జతవ్వకు ఫోన్ చేశాను. అవ్వను ఎమ్మిగనూరుకు తోలుకొస్తానని, ఇద్దరూ ఒకే రోజు పక్కపక్కన కూర్చుని వేయించుకోవాలని, లేకపోతే అవ్వ ఎప్పటికీ వేయించుకోదని చెప్పాను. ఒకే ఊపిరిలో అంతా చెప్పేశాను.



"ఇద్దరమా?" అంది.

"ఇద్దరూ జతవ్వా. ఒకేసారి."

"రెండు వారాలు ఆగి తోలుకోని రా పాపా. అప్పుడైతే కుదుర్తాది నాకు."

ఎందుకు రెండు వారాలో నేను అడగలేదు. ఒప్పుకుంది కదా అన్న సంతోషంలో ఉన్నాను. అవ్వకు చెబితే, "అది రమ్మనిందా?" అని రెండుసార్లు అడిగి, ఆ సాయంత్రమే పెట్టెలోంచి మంచి చీర తీసి ఎండలో వేసింది.

అప్పటికి ఆంక్షలు కొంచెం సడలి బస్సులు తిరుగుతున్నాయి. తొలకరి పడింది. ఎమ్మిగనూరు దారిలో నల్లరేగడి పొలాలు తడిసి ఉన్నాయి. అక్కడక్కడ పత్తి గింజ మొలకెత్తి రెండాకులు వేసింది. అవ్వ మాస్కు గడ్డం కిందికి లాక్కుని కిటికీలోంచి చూస్తూ, ఏ పొలం ఎవరిదో, ఎవరి పత్తిలో చెత్త ఎక్కువ వచ్చేదో చెబుతూ కూర్చుంది. ఒడిలో జొన్నరొట్టెల మూట. జతవ్వకు మెత్తగా ఉండాలని పొద్దున్నే లేచి చేసింది. అవ్వ అంత మాట్లాడగా నేను చాలా రోజులకు విన్నాను.

జతవ్వ అల్లుడిది మగ్గం ఇల్లు. ముందు గదంతా మగ్గమే. నడవాలో రాట్నం దగ్గర అల్లుడి తల్లి నూలు చుడుతోంది. పెరట్లో పిల్లలు. ఎక్కడ చూసినా మనుషులే. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక నేను గడప బయటే నిలబడిపోయాను. జతవ్వ లోపలి నుంచి వచ్చి అవ్వ రెండు చేతులూ పట్టుకుంది.

"ఏమ్మే, పుల్లలాగా అయినావు! పిల్ల కూడు పెట్టదా?"

"పెడ్తాది. పుస్తకం సూస్తా పెడ్తాది. ఉప్పు యాడేస్తాదో కారం యాడేస్తాదో."

"పెండ్లి సేస్తే కుదుర్తాదిలే."

"దీని పుస్తకాలు మోసే మొగోడు యాడుండాడు? దానికీ జత కావాల్సిందే మే, ఒక్కడు మోయలేడు."

ఇద్దరూ నవ్వారు. అవ్వకు నవ్వుతోనే దగ్గు వచ్చింది. జతవ్వ ఆమె వీపు నిమిరింది. నేను తల దించుకుని ఉన్నాను గానీ నాకూ నవ్వు వచ్చింది. జతవ్వ కూతురు టీ తెచ్చి, "మా అమ్మకు ఈ వారమే..." అని ఏదో అనబోయింది. "నువ్వు గమ్మున పొయి పాలు సూడు, పొంగుతాయి" అని జతవ్వ ఆమెను లోపలికి తోలింది.

టీకా వేసేది దగ్గర్లో ఒక బడి వరండాలో. ముగ్గురం నడిచి పోయాం. ముందు వాళ్ళిద్దరూ, వెనుక నేను. రోడ్డు మీద ఆటో వస్తే ఇద్దరూ ఒకేసారి ఒకే పక్కకు జరిగారు. వెనుక నుంచి చూస్తే మధ్యలో గోనెపట్టా ఉన్నట్టే ఉంది.

వరండాలో రెండు కుర్చీలు పక్కపక్కన వేసి ఉన్నాయి. నేనే నర్సమ్మ దగ్గరికి వెళ్ళి, ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టమని అడిగాను. కొత్తవాళ్ళతో నేను అలా అడగడం నాకే వింతగా అనిపించింది. సరేనంది ఆమె. అవ్వ కుర్చీలో కూర్చుని రవిక చెయ్యి పైకి మడిచింది. జతవ్వ కూడా మడిచింది. అవ్వ ఆమె వైపు చూసి, "ఫస్టు నీకా నాకా?" అంది. పక్కన ఫోన్‌లో పేర్లు చూస్తున్న అమ్మాయి జతవ్వ కార్డు అందుకుని నంబరు నొక్కింది.

"అవ్వా, నీకు ఇది రెండోది. ఇంగ నీకు ఐపోతాది, మల్లా రావాల్సిన పన్లేదు."

అవ్వ అటు తిరిగింది. "ఎవరికి రెండోది?"

"ఈ అవ్వకే."

"తప్పు సూసింటావు సూడమ్మా."

"తప్పేం లేదవ్వా. ఫోటో ఉండాది గదా."

జతవ్వ మడిచిన చెయ్యి అలాగే పట్టుకుని కింద చూస్తోంది. నాకు అప్పుడు అర్థమైంది, రెండు వారాలు ఎందుకు ఆగమందో. తన రెండో సూది రోజున అవ్వ మొదటి సూది పడేలా చూసింది. పక్కపక్కన కూర్చుని వేయించుకుంటే అవ్వకు ఎప్పటికీ తెలిసేది కాదు.

"ఎప్పుడేసుకున్న్యావు?" అంది అవ్వ.

"ఉగాది ముందర. మే, నా మాట ఇను..."

"వారం వారం ఫోన్ సేస్తివి. సెప్పనీక నోరు లేదా?"

"ఏమని సెప్పాల? ఇంట్లో అందరినీ తోలుకపోతాండారు. అల్లుని తల్లి, తండ్రి, అందరూ. ఆటో ఎక్కు అన్న్యారు, ఎక్కినా. నన్ను అడిగినోళ్ళెవరు? వచ్చినాక తెలిసె, నిన్ను ఇడిసిపెట్టి ఏసుకుంటినే అని. ఇంగ ఏ నోటితో సెప్పేది?"

"నీ కాలు ఇరిగినప్పుడు మేస్త్రీ నాకు ఊడ్చే పనిస్తా, ఒక్కదానివే రా అన్న్యాడు. పోయినానా నేను?"

"పోలేదు."

"ఎన్నాళ్ళు ఇంట్లో కూసున్న్యా?"

"కూసున్న్యావు మే. నేను కాదన్లేదు."

వెనుక వరసలో ఉన్నవాళ్ళు తొంగి చూస్తున్నారు. నర్సమ్మ సూది చేతిలో పట్టుకుని, "అవ్వా, వేసుకుంటావా లేదా? జనం ఉన్నారు" అంది. అవ్వ మడిచిన రవిక చెయ్యి నిదానంగా కిందికి దించి, కొంగు కప్పుకుని లేచింది.

"నాకొద్దమ్మా."

నేను ఇద్దరి మధ్యా నిలబడిపోయాను. అవ్వ బడి గేటు దాకా పోయి, రోడ్డు వైపు ముఖం పెట్టుకుని నిలబడింది. జతవ్వ ఒక్కతే సూది వేయించుకుంది. పక్క కుర్చీలో ఇంకెవరో వచ్చి కూర్చున్నారు.

తిరిగొచ్చాక మేము జతవ్వ ఇంట్లోకి పోలేదు. అంతవరకూ నా చేతిలోనే ఉన్న రొట్టెల మూటను గడప దగ్గరే జతవ్వ కూతురి చేతికి ఇచ్చాను. అవ్వ అప్పటికే ఆటోలో కూర్చుంది. జతవ్వ దూది అంటించిన చేత్తోనే ఆటో కమ్మీ పట్టుకుంది.

"నా మింద కోపానికి పానం తీసుకుంటావా మే? పొయి మీ ఊర్లోనన్నా ఏసుకో."

"నీకేం. ఇంటినిండా మంది" అంది అవ్వ.

ఆటో కదిలేదాకా జతవ్వ కమ్మీ వదల్లేదు.

తిరుగు బస్సులో అవ్వ ఒక్క పొలం పేరు కూడా చెప్పలేదు. నేను పక్కన కూర్చున్నాను. నేనున్నాను కదా అవ్వా అని చెప్పాలని దారి పొడవునా అనుకున్నాను.  అవ్వ లెక్కలో నేను తోడు కాను. అన్నం పెట్టి, జడ వేసి, ఎండలో తిరగొద్దని చెప్పాల్సిన పిల్లను. చెరో రెండు మూలలు పట్టుకునే మనిషి వేరు. ఆ సంగతి ఆమె నాతో ఎప్పుడూ అనలేదు. కిటికీ వైపు తిరిగి ఉన్న ఆమె వీపు చూస్తే తెలిసింది. నాకు కోపం రాలేదు. నాకు కూడా అలాంటి మనిషి ఎవరూ లేరని, ఎప్పుడూ లేరని, ఆ బస్సులోనే మొదటిసారి గట్టిగా అనిపించింది.

తర్వాత రోజుల్లో జతవ్వ ఫోన్ చేస్తే అవ్వ చెయ్యి ఊపేది, వద్దని. నేనే ఎత్తి, అవ్వ పడుకుందని చెప్పేదాన్ని. "పడుకోనీలే పాపా" అనేది జతవ్వ. రెండుసార్లు అలా అయ్యాక ఆమె కూడా చేయడం మానింది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అవ్వ దగ్గుతోంది, నేను వింటున్నాను. సూది మాట నేను ఎత్తలేదు. ఎత్తితే ఎమ్మిగనూరు మాట ఎత్తాల్సి వస్తుంది. రెండు వారాలు నేను పడిన సంతోషం గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుగా ఉండేది. కరోనా మూడోసారి కూడా వస్తుందని ఊళ్ళో జనం చెప్పుకుంటున్నారు. నెట్ సెంటర్‌లో ఎవరైనా తమ అవ్వ కార్డు ఇచ్చినప్పుడు, ఆ పేరు కొడుతుంటే నా వేళ్ళు బరువుగా ఉండేవి.

ఒక మధ్యాహ్నం పని నుంచి వచ్చేసరికి తలుపుకు తాళం ఉంది. అవ్వ నాకు చెప్పకుండా ఎక్కడికీ పోదు. పక్కింట్లో అడగడానికి మొహమాటపడి గడప మీద కూర్చున్నాను. ఎండ రేకు మీంచి దిగి నా కాళ్ళ మీదికి వచ్చింది. సందు మలుపులో అవ్వ కనిపించింది. గోడ పక్కన నీడలో, ఆగి ఆగి నడిచి వస్తోంది.

"యాడికి పోయింటివి అవ్వా?"

"మన వార్డు సచివాలయం కాడికి."

కొంగు తీసి చూపించింది. ఎడమ చేతికి దూది.

"ఏసుకుంటి. జత లేదు, ఏం లేదు. ఇంగ ఎవరి కోసరం ఆగాల?"

"నన్ను పిలిచింటే వస్తును కదా."

"నీకు పని గదా."

"ఎవరితో పోయినావు?"

"ఎవరితో పోతా. ఒక్కదాన్నే." తాళం తీస్తూ అంది. "ఆడుండే పిల్ల అడిగె, తోడు ఎవరూ రాలేదా అవ్వా అని. ఉండాదిలే, ఎమ్మిగనూర్లో ఉండాది అంటి. అంత దూరంలో ఉంటే తోడెట్ల అయితాది అవ్వా అని నవ్వె. నేనూ నవ్వితి."

ఆ రోజు కోసం నేను ఎండాకాలమంతా ఎదురుచూశాను. ఊపిరి తేలికైన మాట నిజమే. అయినా లోపలికి పోయి కుండలో నీళ్ళు ముంచుకుంటుంటే నాకు ఏడుపు వచ్చింది. సచివాలయంలో ఆ కుర్చీలో, చీర కొంగు ఒక చేత్తో పట్టుకుని, పక్కన ఎవరూ లేకుండా ఆమె ఎలా కూర్చుని ఉంటుందో నా కళ్ళకు కనబడుతూనే ఉంది.

మరునాడు పొద్దునకు ఆమెకు జ్వరం వచ్చింది. నేను పనికి పోలేదు. అంగడి అన్నకు ఫోన్ చేసి రానని చెప్పాను, కారణం కూడా ఆయన అడక్కముందే చెప్పాను. గంజి కాచి ఇచ్చాను, మాత్ర వేయించాను. తడిబట్ట నుదుట వేస్తే వద్దని తీసేసింది. "కాళ్ళు గుంజుతాండాయి" అంది. పాదాల దగ్గర కూర్చుని పిక్కలు పట్టడం మొదలుపెట్టాను. అన్నేళ్ళు పత్తి మోసిన కాళ్ళు, నా చేతుల్లో ఇంత సన్నగా ఉంటాయని నాకు తెలియదు.

కాసేపటికి నిద్రపోయిందనుకున్నాను. గోడ వైపు తిరిగి ఉన్నది, అటే చూస్తూ మాట్లాడింది.

"దానికీ ఇట్లనే వచ్చింటాది."

నేను పిక్కలు పడుతూనే ఉన్నాను.

"ఉగాది ఎండలు అప్పుడు. ఇంటినిండా మంది ఉండారంటి గానీ, మగ్గం ఆపి దాని కాళ్ళు పట్టేదెవరు? ఆ వారం మాట్లాడ్తిమి గదా ఫోన్లో. దాని గొంతు బొంగురుపోయింటే, ఏమ్మే దగ్గు నీకూ పట్టిందా అంటి. ఆ, దగ్గే అనె. నవ్వితిమి కూడా." కొంచెం ఆగి, "అడగనే లేదు నేను. అంత మంది ముందర నన్ను ఇడిసిపెట్టి ఏసుకుంటివా అంటినే గానీ, జరం వచ్చెనా మే అని అడగనే లేదు."

"ఫోన్ చెయ్యనా అవ్వా?"

 బయట ఎవరో సందులో ఉల్లిగడ్డలని అరుస్తూ బండి తోసుకుపోతున్నారు. ఆ అరుపు దూరమయ్యేదాకా అవ్వ కదల్లేదు. తర్వాత చెయ్యి వెనక్కి చాపి, నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది.

"ఇప్పుడొద్దు" అంది. "రేపు జరం తగ్గినాక సెయ్యి. ఇప్పుడైతే నా గొంతుతోనే జరం గుర్తుపడ్తాది."